మాలోయ్ చూపుడువేలు

వేలు లేచింది. మాలోయ్ బంతిని గ్లవ్‌లో దాచి ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు, గ్లవ్ బయటికి పెట్టుకున్న చూపుడువేలు మెల్లగా పైకి లేచింది, ఇక వచ్చేది నెమ్మది బంతే, చెయ్యి మాత్రం పిడుగులా తిరుగుతుంది, బంతి తీరుబడిగా వస్తుంది, మావాడు తొందరపడి ముందే బ్యాట్ తిప్పేసి గాలిని కొడతాడు, కొట్టాడు, అదిగో, బ్యాట్‌ని తిట్టుకుంటూ మేం కూర్చునే డగౌట్ మెట్లు దిగుతున్నాడు. స్టేడియమంతా లేచి అరుస్తోంది. ఇంతమంది చూస్తున్నా ఆ వేలు చెప్పే మాట అర్థమయ్యేది నాకొక్కడికే, ఎందుకంటే ఆరేళ్ళు వాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని వాడు విసిరిన బంతులన్నీ పట్టినవాణ్ణి నేను. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ వాడు, వాడి బంతులు పట్టే క్యాచర్‌ని నేను. ఇవాళ మాత్రం అవతలి డగౌట్‌లో ఉన్నాను, ఒంటి మీద వేరే రంగు చొక్కా, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు, బూట్ల ముందు నేను ఉమ్మిన పొట్టు. వసంతం నుంచి ఆడి ఆడి, సీజన్ చివరి పోటీల్లో ఈ తొలి అంచెకి వచ్చి పడ్డాం, మూడు ఆటల్లో రెండు నెగ్గినవాళ్ళు ముందుకి పోతారు, ఓడినవాళ్ళు సంచులు సర్దుకుని ఇళ్ళకి పోతారు. మొన్న వాళ్ళు, నిన్న మేము, ఇవాళ మూడోది, ఇదే ఆఖరు. వాళ్ళకి ఒక పరుగు, మాకు సున్నా. ఆ వేలు సంగతి నేనొక్కసారి నోరు విప్పి చెబితే మావాళ్ళు వాణ్ణి ఉతికి ఆరేస్తారు. చెప్పను.

ఎందుకు చెప్పాలి. చెబితే అది అందరి సొమ్మయిపోతుంది, ఎవడో ఒకడు కొడతాడు, బంతి గోడ దాటుతుంది, వీడియోలు చూసే ఆ కంప్యూటరు కుర్రాళ్ళే పట్టుకున్నారని పేపర్లో వస్తుంది, మాలోయ్ తన చెయ్యి అలిసిపోయిందని సర్దిచెప్పుకుని రాత్రికి హాయిగా నిద్రపోతాడు. అలా పోవడానికి వీల్లేదు. కొట్టేది నేనే కావాలి. ఆ వేలు లేచినప్పుడు ఎదురుగా బ్యాట్ పట్టుకుని నేనుండాలి, నేను తొందరపడకుండా ఆగడం వాడు చూడాలి, బంతి చేతిలోంచి జారిపోయాక, ఇక వెనక్కి తీసుకోలేని ఆ క్షణంలో, వాడికి తెలియాలి, ఎవడు కొట్టాడో ఎందుకు కొట్టాడో తెలియాలి. పొద్దున బ్యాటింగ్ సాధన దగ్గర మా మేనేజర్ డూలిన్ నన్ను పక్కకి పిలిచి, వాడి సంగతి నీకు తెలుసు కాబట్టి చివర్లో బేస్ మీద మనిషి ఉన్నప్పుడు నిన్నే దింపుతానన్నాడు. ఆయన ఆ మాట అనకపోయి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఇప్పుడైతే నాకు కావలసింది ఒక్క వంతు, ఒక్క బంతి. హెక్టర్ సలాస్ కూడా అప్పుడే అడిగాడు, బ్యాట్ పిడికి బంక రాసుకుంటూ, నా మొహం వైపు చూడకుండా, పక్కింటివాళ్ళ యోగక్షేమాలు కనుక్కున్నంత మామూలుగా అడిగాడు.

“ఆరేళ్ళు వాడి బంతులు పట్టావు కదా తమ్ముడూ. ఎక్కడైనా దొరుకుతాడా?”

“ఏం లేదన్నా. చాలా శుభ్రంగా వేస్తాడు.”

నమ్మాడు. సలాస్ మనుషుల్ని నమ్ముతాడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. డొమినికన్ దేశంలో ఏదో చెరకు ఊరి నుంచి పదహారేళ్ళప్పుడు వచ్చి, ఎన్ని జట్లు మారినా, ఎన్ని వేల బంతులు కొట్టినా, ఈ తొలి అంచె గడప ఒక్కసారి కూడా దాటలేదు, మోకాళ్ళు పూర్తిగా పోయాయి, ఇదే ఆఖరి ఏడని వేసవిలోనే ప్రకటించేశాడు, కూతుళ్ళిద్దరూ మా డగౌట్ వెనక వరసలో నాన్న పేరున్న చొక్కాలు వేసుకుని కూర్చున్నారు, చిన్నది నాకు చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. నా కక్షకీ ఆ పిల్లకీ సంబంధం లేదు. సంబంధం లేదని ఇన్నింగ్స్‌కి ఒకసారి నాకు నేనే చెప్పుకుంటున్నాను.

సరస్సు మీంచి గాలి మొదలైంది. ఈ స్టేడియంలో గాలి ఎప్పుడు తిరుగుతుందో, సీగల్ పిట్టలు కుడివైపు గడ్డి మీద ఎప్పుడు దిగుతాయో, సాసేజ్‌లు కాల్చే పొగ ఆవపిండి ఘాటుతో కలిసి ఏ వేళకి ఇటు వస్తుందో నాకు ఇంకా గుర్తే, నా ముక్కుకి జట్టు మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ వేలు నేను కనిపెట్టింది కూడా ఇక్కడే, వాడితో రెండో ఏడు. నెమ్మది బంతి పట్టుకోవడానికి అరచేతిని బంతి మీద లోతుగా పరచాలి, గ్లవ్ లోపల ఇరుకు, లోపలి చెయ్యి తోస్తే బయటి వేలు లేస్తుంది, అంతే, వాడికి తెలియను కూడా తెలియదు. ఎవరికీ చెప్పలేదు నేను, కోచ్‌కి కూడా, హోటల్లో వాడి గది తలుపు కొట్టి లోపలికెళ్ళి చెప్పాను, వాడు మంచం మీద కూర్చుండిపోయాడు, రంగు పోయింది మొహంలో, కోర్బీ, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి అన్నాడు. ఉంచాను. అద్దం ముందు తువ్వాలు పట్టుకుని ఇద్దరం ఎన్ని గంటలు సాధన చేశామో, వేలుకి తొడుగు కుట్టించాం, పెద్ద గ్లవ్ చేయించాం, పోయింది అనుకుంటే అలసట వచ్చినప్పుడు మళ్ళీ లేచేది. అప్పుడు నేను లేచి, వాడు నిలబడి బంతి విసిరే మట్టిదిబ్బ దాకా నడిచి వెళ్ళేవాణ్ణి, నోటికి గ్లవ్ అడ్డం పెట్టుకుని వాడికి ఎదురుగా నిలబడి నా చూపుడువేలు ఒకసారి ఆడించేవాణ్ణి, వాడు సర్దుకునేవాడు, టీవీవాళ్ళేమో ఇద్దరూ ఏదో గొప్ప వ్యూహం మాట్లాడుకుంటున్నారని చెప్పేవాళ్ళు. నాలుగో ఏడు ఒక ఆటలో వాడు అవతలి జట్టుకి ఒక్క బంతీ చిక్కనివ్వకుండా మొత్తం ఆట వేశాడు, అలాంటి రోజున పిచర్ తన క్యాచర్‌కి గడియారం కొనివ్వడం మా వాళ్ళలో ఆచారం, కొనిచ్చాడు, వెనక నా పేరు చెక్కించి మరీ ఇచ్చాడు, మా ఆవిడ మార్లీన్ దాన్ని చూసి ఏడ్చింది. ఇప్పుడది సాక్సుల సొరుగులో ఎక్కడో ఉంది. ఇవాళ వాడికి బంతులు పడుతున్న కొత్త క్యాచర్ ఆ వేలు వైపు చూడనే చూడడు, లేచి నడవడు, చూడవలసింది ఏదో ఉందని ఆ అబ్బాయికి తెలిస్తే కదా. మాలోయ్ కూడా చెప్పి ఉండడు. తనలో లోపముందని రెండో మనిషికి చెప్పే రకం కాదు.

పోయిన అక్టోబరు. ఇదే తొలి అంచె, ఇదే గడ్డి, ఇదే వేళ, పిచర్ దిబ్బ మీద ఎండ, బ్యాటర్ దగ్గర నీడ. ఒక పరుగు ముందున్నాం, ఇద్దరు బేసుల మీద, ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే మేము ముందుకి పోతాం. నేను వేగపు బంతి అడిగాను, బయటికి, మోకాలి ఎత్తులో. ఇదివరకు అయితే వేళ్ళతో సైగ చేసేవాళ్ళం, పిచర్ తల అడ్డంగా ఊపితే ఊరంతా చూసేది. ఇప్పుడు బొత్తాములొచ్చాయి, నేను మోకాలి మీద నొక్కితే వాడి టోపీలో వినిపిస్తుంది, వాడి నడుముకీ ఒకటుంటుంది, నాది నచ్చకపోతే వాడే నొక్కుకోవచ్చు, నా చెవికి చేరుతుంది. నొక్కాడు. నెమ్మది బంతి. మళ్ళీ నేను నొక్కాను, వద్దు, వేలు లేస్తోంది, ఇప్పుడొద్దు. మళ్ళీ నొక్కాడు. బంతి వెయ్యడానికి గడువు పెట్టే గడియారం పరిగెడుతోంది, లేచి వెళ్ళే సమయం లేదు, సరే అని గ్లవ్ పెట్టాను. ఆ బంతి ఇప్పటికీ కిందకి దిగలేదు నా లెక్కలో, ఎడమవైపు పై అంతస్తు మీద ఎవడి ఒళ్ళోనో పడింది. ఓడాం. లోపల మైకులు పెట్టుకుని విలేకరులు అడిగితే మాలోయ్ తువ్వాలు మెడకి వేసుకుని, చాలా మర్యాదగా, కోర్బీ ఏం అడిగితే అదే వేశానండి, ఆరేళ్ళుగా అతని మీద నాకు నమ్మకం అన్నాడు. నమ్మకం అన్నాడు, వింటున్నారా. నా దగ్గరికొచ్చి అడిగారు. క్యాచర్ అనేవాడు పిచర్‌ని మీడియా ముందు పట్టివ్వడు, అది మా వృత్తిలో మొదటి పాఠం, చిన్నప్పుడే నేర్పేస్తారు, నాదే తప్పు అన్నాను. వాడే రేపో ఎల్లుండో నిజం చెబుతాడనుకున్నాను. నవంబరంతా చూశాను. డిసెంబరులో జట్టు నన్ను వదిలేసింది, ఒత్తిడిలో సరైన బంతి అడగలేడని నా గురించి ఎవరో రాశారు, మాలోయ్ దగ్గర నుంచి మంచుగడ్డలు పేర్చిన పెట్టె వచ్చింది, తెరిస్తే స్టేక్ ముక్కలు, పండగ శుభాకాంక్షలని కార్డు, సంతకం వాడి భార్యది. మార్లీన్ పారేద్దామంది. వండించాను, తిన్నాను, ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాను. అది ఇంకా అరగలేదు.

ఏడో ఇన్నింగ్స్. ఇద్దరు బేసుల మీదకి చేరారు, ఇద్దరు అవుటయ్యారు, బ్యాట్ పట్టుకుని సలాస్ వెళుతున్నాడు, ఆ నడక చూస్తే మోకాళ్ళు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్టుంటుంది. బేసుల మీద మనుషులుంటే మాలోయ్ మా డగౌట్ వైపే తిరిగి కాసేపు కదలకుండా నిలబడి వెయ్యాలి, దానితో గ్లవ్ మొత్తం నాకు ఎదురుగా ఉంటుంది, దుకాణంలో అద్దం వెనక పెట్టిన బొమ్మలా. మొదటి బంతి, వేలు లేవలేదు, వేగం, సలాస్ వదిలేశాడు, స్ట్రైక్. రెండోది, లేవలేదు, కొట్టాడు, గీతకి బయట పడింది, రెండు స్ట్రైకులు, డగౌట్ వెనక చిన్నపిల్ల నాన్నా అని అరుస్తోంది. మూడో స్ట్రైక్ పడితే అవుట్. చెప్పడానికి దగ్గరికి వెళ్ళనక్కరలేదు నేను, ఇక్కణ్ణుంచే చెప్పొచ్చు, మా ఆటలో పాత పద్ధతి ఒకటుంది, డగౌట్ లోంచి బ్యాటర్‌ని పేరు పెట్టి పిలిస్తే వేగం, ఇంటిపేరు పెట్టి పిలిస్తే నెమ్మది, అందరూ అరుస్తూనే ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, సలాస్‌కి ఆ పద్ధతి నాకంటే ముందు నుంచీ తెలుసు. వేలు లేచింది. చూశాను. స్పష్టంగా, నిలువుగా. సలాస్ అని ఒక్క మాట, మూడే అక్షరాలు, నాలుక పళ్ళ వెనక దాకా వచ్చింది, గింజల పొట్టుతో సహా నోరు మూసుకున్నాను. ఆయన కొడితే ఆట మారిపోతుంది, రెండు పరుగులొస్తాయి, మాలోయ్‌ని దించేస్తారు, ఇక నా వంతు రాదు. ఇదీ నేను ఆలోచించింది, దాచడం ఎందుకు. సలాస్ బ్యాట్ తిప్పాడు, చాలా ముందు, చాలా గట్టిగా, మోకాలు కింద ఆనింది, హెల్మెట్ పక్కకి ఒరిగింది, స్టేడియం దద్దరిల్లింది. మాలోయ్ పిడికిలి బిగించి ఆకాశంలోకి ఏదో అరిచాడు, అరిచి, దిగుతూ దిగుతూ, మా డగౌట్ వైపు చూశాడు. నా వైపే. చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు. భయపడుతున్నాడు. బాగుంది. భయపడు.

సలాస్ వచ్చి నా పక్కనే కూలబడ్డాడు, హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, మంచినీళ్ళు ఇస్తే తాగాడు. మోకాళ్ళు పోయాయనుకున్నాను గానీ కళ్ళు కూడా పోయాయని ఎవరితోనో అన్నట్టు అన్నాడు. కళ్ళు పోలేదన్నా అని నేను అనలేదు. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు మీద కూడా కోపం వచ్చింది, ఆ కోపాన్ని కూడా తీసుకెళ్ళి మాలోయ్ ఖాతాలోనే వేశాను, వీడు ఆ రోజు నిజం ఒప్పుకుని ఉంటే నేనీ పెద్దమనిషి పక్కన ఇలా దొంగలా కూర్చునేవాణ్ణి కాదు కదా. ఇంకొక ఇన్నింగ్స్ అన్నా, కొంచెం ఓపిక పట్టు, నేను కొడతాను, అందరం కలిసి ముందుకి పోదాం, నీ కూతుళ్ళు షాంపేన్‌లో తడిసి ముద్దవుతారు, నువ్వు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పుతావు, అప్పుడు చెబుతాను నీకు, నవ్వుతూ చెబుతాను, నువ్వూ నవ్వుతావు. మనసులో ఇదంతా ఎంత బాగా జరిగిందో, చప్పట్లు కూడా వినిపించాయి.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నీడ దిబ్బ దాకా పాకింది. ఒకడు అవుట్, ఇంకొకడు అవుట్, మూడోవాడు ఎలాగో గీకి రెండో బేస్ చేరాడు. డూలిన్ డగౌట్ కడ్డీ మీద మోచేతులు ఆనించి ఉన్నవాడు తల తిప్పాడు. కోర్బీ, బ్యాట్ తీసుకో, అంతే అన్నాడు. లేచాను. ఏడాదంతా దీని కోసమే తిన్నాను, దీని కోసమే పరిగెత్తాను, ఎండాకాలంలో ఎవరూ చూడని ఆటల్లో ఎవరి బంతులో పడుతూ వేళ్ళు విరగ్గొట్టుకున్నది దీని కోసమే, సలాస్ నా వీపు మీద చరిచి వెళ్ళు తమ్ముడూ అన్నాడు, మెట్లెక్కాను, మైకులో నా పేరు చెప్పారు, పాత ఊరి జనం కొందరు చప్పట్లు కొట్టారు, ఎక్కువమంది బూ అన్నారు, పోయిన ఏడు ఓడించింది నేనేనని వాళ్ళకి గుర్తుంది, వాడు చెప్పగా గుర్తుంది. చూడండి ఇప్పుడు. మాలోయ్ దిబ్బ వెనక నిలబడి బంతి జారకుండా చేతికి రాసుకునే రోజిన్ పొడి సంచీ అరచేతిలో ఎగరేస్తున్నాడు, నా మొహం చూడట్లేదు, గ్లవ్ బయట ఆ వేలు వంగి పడుకుని ఉంది. లే. నువ్వు లేవడమే ఆలస్యం. మొదటి బంతి వదిలేస్తాను, రెండోది వదిలేస్తాను, అవమానం అనుకోను, వేలు లేచేదాకా రాయిలా నిలబడతాను, లేచాక లోపల ఒకటి, రెండు అనుకుని అప్పుడు తిప్పుతాను. బూట్లతో మట్టి తవ్వుకుని కుదురుగా నిలబడ్డాను.

వాళ్ళ మేనేజర్ డగౌట్ లోంచి బయటికొచ్చాడు. నడుస్తూనే కుడిచెయ్యి ఎత్తి, మార్చి దించే పిచర్లు చేతులు వేడెక్కించుకునే కొట్టం వైపు చూపించాడు. ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక వద్దని అరవబోయాను, బహుశా అరిచానేమో, అంపైర్ నా వైపు వింతగా చూశాడు. ఎంత బాగా వేస్తున్నా సరే మూడోసారి అదే బ్యాటర్ల ముందు పిచర్‌ని ఉంచరు ఈ రోజుల్లో, పైగా ఆరేళ్ళు ఆ చెయ్యి చూసినవాడు బ్యాట్ పట్టుకొస్తే అసలే ఉంచరు, ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు, నాకు తెలియదా, తెలుసు, ఏడాది నుంచి అన్నీ ఊహించుకున్నాను, ఇదొక్కటి ఊహించుకోలేదు. ఉంచవయ్యా, ఒక్క బంతి వెయ్యనీ, వాడు నావాడు. మాలోయ్ బంతిని మేనేజర్ చేతిలో పెట్టాడు, దిబ్బ దిగాడు, స్టేడియం మొత్తం లేచి నిలబడింది, టోపీ తీసి పట్టుకుని నాలుగు వైపులా చూపించాడు, పెళ్ళికొడుకులా వెళ్ళి వాళ్ళ డగౌట్‌లో దిగిపోయాడు. వచ్చినవాడు ఎవడో పొడుగాటి కుర్రాడు, వాడి పేరు నేను స్కోరుబోర్డు మీద చదివాను, వాడి వేళ్ళ గురించి, వాడి భయాల గురించి నాకేమీ తెలియదు. మూడు బంతులు వేశాడు. రెండు చూశాను, మూడోది క్యాచర్ గ్లవ్‌లో పడిన చప్పుడు విన్నాను, అవుట్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మావాళ్ళు ముగ్గురూ వరసగా అవుటయ్యారు, ఆఖరి బంతి గాలిలోకి లేచి సీగల్ పిట్టల మధ్య కాసేపు తిరిగి ఎవడి గ్లవ్‌లోనో పడింది, సీజన్ అయిపోయింది.

వాళ్ళు దిబ్బ మీద ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటే ఓడినవాళ్ళం కడ్డీలు పట్టుకుని చూశాం, అలా కాసేపు చూడటం మా దగ్గర మామూలే, ఎవరూ చూడమనరు, ఎవరూ వెళ్ళిపోరు. సలాస్ నా పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు, బూట్లు విప్పేశాడు, కూతుళ్ళు వెనక నుంచి చేతులు చాచి ఆయన భుజాలు పట్టుకున్నారు, పెద్దది ఏడుస్తోంది, చిన్నది నాన్న జుట్టులోంచి మట్టి ఏరుతోంది. ఇంకా ఆడతాను, వచ్చే ఏడు నన్ను ఎవరైనా తీసుకుంటారు, మాలోయ్ ఎక్కడికి పోతాడు, ఆ వేలు ఎక్కడికి పోతుంది, చెప్పలేదు కాబట్టి అది ఇంకా నాదే, నా ఒక్కడిదే, ఈ ఆలోచన నడుస్తుండగానే ఆ గుంపులోంచి ఒకడు విడిపడి గడ్డి దాటుకుంటూ మా వైపు వస్తున్నాడు, చొక్కా గుండీలు ఊడి, కళ్ళు ఎర్రగా. మాలోయ్. కెమెరాలు వాడి వెనకే వస్తున్నాయి. నేను జరిగేలోపే వచ్చి రెండు చేతులతో నన్ను వాటేసుకున్నాడు, గట్టిగా, వాడి చెమట వాసన నాకు తెలిసిందే, నా చేతులు రెండూ కిందకే వేలాడుతున్నాయి. స్టేడియం ఇంకా హోరెత్తుతోంది, అందుకని వాడు నా చెవిలో గట్టిగానే మాట్లాడాడు, ఏడుస్తూ మాట్లాడాడు.

“వేలు లేస్తూనే ఉంది కదరా ఇవాళ? మొదట్నుంచీ చచ్చేంత భయం నాకు. నువ్వు మీవాళ్ళకి చెప్పేసి ఉంటావనుకున్నా. ఒక్కడికీ చెప్పలేదు నువ్వు. పోయినేడు నేనంత పని చేసినా కూడా చెప్పలేదు. చచ్చేదాకా మర్చిపోను కోర్బీ.”

నా భుజం తట్టి, వాళ్ళవాళ్ళు పిలుస్తుంటే వెళ్ళిపోయాడు. కెమెరాలు వాడితోనే వెళ్ళాయి. సలాస్ బూటు చేతిలో పట్టుకునే తల ఎత్తాడు. చిన్నకూతురు తన జుట్టులో వేళ్ళు పెట్టి మట్టి ఏరుతుంటే ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

“ఏ వేలు?” అన్నాడు.

తమ్ముడూ అనలేదు.